తలుపు దానంతటది మూసుకోలేదు

“‘తలుపు మూసుకుపోయింది’ అన్నారు పిన్నిగారూ మీరు. అంత ఇనప తలుపు దానంతటది ఎలా మూసుకుపోతుందండీ?”

“గుడి ముందు నిలబడి అడిగే మాటేనా ఇది? నడువు.”

“గుడి ముందు కాబట్టే అడుగుతున్నానండీ. లోపల మైకు పట్టుకుని చెప్పింది మీరే కదా.”

“నేను చెప్పుకున్నది దేవుడితో. నీతో కాదు.”

“దేవుడితో చెప్పుకోడానికి మైకెందుకండీ?”

చుట్టూ జనం. చెప్పులు వెతుక్కునేవాళ్లు, పిల్లల్ని కేకేసేవాళ్లు, నాకు వందనాలు పెట్టి వెళ్లేవాళ్లు. నేను అందరికీ తల ఊపుతూ, పళ్ల బిగువున ఆ పిల్లతో మాట్లాడుతున్నాను.

ఆ పిల్లది తాడేపల్లిగూడెం. అందుకని అందరం గూడెం పిల్ల అనేవాళ్లం. పెళ్లికి ముందు అక్కడి ఉల్లిపాయల మార్కెట్లో పాయలు ఏరేదిట. మా కొల్లేటి పక్క ఊరి కోడలయ్యాక రొయ్యల ఫ్యాక్టరీలో నా కింద పనికి కుదిరింది. నా కింద పనిచేసే ఆడవాళ్లలో నాకు ఎదురు చెప్పేది అదొక్కతే. వాళ్లది హిందువుల కుటుంబం. మా ఏసుప్రభువు గుడికి రావడం ఆ రోజే మొదలు. ఒక్కసారి వచ్చి చూడమని ఏడాదిపాటు దాని ప్రాణం తీసింది కూడా నేనే.

అది నన్ను పక్కకి, నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకెళ్లింది. గొంతు బాగా తగ్గించింది.

“నేనెవరికీ చెప్పనండీ. ఫ్యాక్టరీలో గ్యాసు వచ్చిన రోజు మీరు వాచ్‌మన్ సాయిబు గారి గదిలోకి వెళ్లి మేకుకి తాళంచెవి తగిలించడం చూశాను. చూడలేదనుకుంటాను, నాకూ ఇల్లు గడవాలి. నేనడిగేది అది కాదు. ఇందాక లోపల మీరందరూ చెప్పారే, ఆయన మన తప్పులు మోసి చచ్చిపోయాడని, మళ్లీ లేచాడని, ఇప్పుడు బతికే ఉన్నాడని. అది జరిగిందాండీ? లేక ఆదివారం చెప్పుకునే మాటా? జరిగిందంటే వచ్చే వారం కూడా వస్తాను. మాటే అయితే ఇప్పుడే చెప్పేయండి, ఆదివారం పూట బట్టలుతుక్కుంటాను.”

“జరిగింది,” అన్నాను. చిన్నపిల్లకి కసురుతూ చెప్పినట్టు చెప్పాను.

“సరేనండీ,” అని అది ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

అమ్మాయిలూ, ఇప్పుడు మీరు తెల్లవారకుండా వ్యాన్లెక్కి వెళ్తున్న పనే నేను ఇరవై ఏళ్లు చేశాను. అందులో ఈ ఆరు రోజుల సంగతి మీకు చెప్పాలని చాలాకాలంగా ఉంది. నేను చదివింది నాలుగో తరగతి. వానాకాలం మా ఊరి రోడ్డు మీదికి కొల్లేరు వస్తే బడి ఉండేది కాదు, కాబట్టి ఆ నాలుగూ నాలుగు కావు. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

మా ఫ్యాక్టరీ ఏలూరు దాటాక హైవే పక్కన ఉండేది. పేరు అక్కర్లేదు. స్టీలు టేబుళ్లు, వాటికి అటూ ఇటూ ఆడవాళ్లు, కాళ్లకి బూట్లు, తలకి టోపీ, మూతికి గుడ్డ, చేతులు ఎప్పుడూ ఐసు నీళ్లలో. కొందరు తలలు తీస్తారు, కొందరు పొట్టు ఒలుస్తారు. నేను మొదట ఒలిచేదాన్ని, తర్వాత మేస్త్రమ్మనయ్యాను. నాకు రెండు మంచి పేర్లు ఉండేవి. కఠినమైన మనిషి అని ఒకటి, ఒక్క ఐసు ముక్క నేలపాలు కానివ్వదని ఒకటి. రెండూ నిజమే. ఇంట్లో అగ్గిపుల్లని రెండుసార్లు వాడే మనిషిని, ఫ్యాక్టరీలో ఊరుకుంటానా.

చివరి టేబులు వెనకాల ఒక ఇనప తలుపు ఉండేది. పెరట్లోకి తెరుచుకుంటుంది. దాని మీద ఎర్ర అక్షరాలతో, ప్రమాదం వస్తే ఇటు వెళ్లండి అని తెలుగులోనే రాసి ఉండేది. నాకు చదవడం వచ్చు. రోజూ చదివేదాన్ని. కానీ మా ఆడవాళ్లకి ఆ తలుపు వేరే పనులకి పనికొచ్చేది. ఫోను మోగితే దాన్ని తోసుకుని బయటికి, వక్క నమలాలంటే బయటికి, చేతులు కొంకర్లు పోతే ఎండలో నిలబడటానికి బయటికి. తెరిచినప్పుడల్లా లోపలి చల్లదనం పోతుంది, టేబుళ్ల మీద ఐసు కరుగుతుంది. వేసవి వచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

తాళంచెవులన్నీ గేటు పక్కన వాచ్‌మన్ గదిలో మేకులకి వేలాడుతుండేవి. వాచ్‌మన్ సాయిబు గారు ఏలూరు మనిషి. నా కంటే పదేళ్లు పెద్ద. తెల్లవారుజామున ఆయన నమాజుకి పక్కకి వెళ్లినప్పుడు నేను ఆ తలుపు తాళం, చెవి తీసుకునేదాన్ని. మొదటి వ్యాన్లో, అందరికంటే ముందు వెళ్లేదాన్ని కదా, లోపలివైపు గొళ్లేనికి తాళం వేసి చెవి రొంటిలో దోపుకునేదాన్ని. సాయంత్రం అందరూ వెళ్లాక తీసి మళ్లీ మేకుకి తగిలించేదాన్ని. ఎప్పుడూ వాడని తాళం కాబట్టి ఆ మేకు ఖాళీగా ఉన్నా ఆయన కంట పడలేదు. ఆయనతో నేను చెప్పలేదు. చెబితే పుస్తకంలో సంతకం పెట్టమంటాడు, పద్ధతి మనిషి. ఆడవాళ్లేమో పైవాళ్ల ఆర్డరు అనుకున్నారు. ఫోన్లు తగ్గాయి. ఐసు మిగిలింది. మేనేజరు గారు మూడో రోజే తలుపు దగ్గరికి వచ్చి, తాళం కదిపి చూసి నవ్వారు. మీలాంటి వాళ్లు నలుగురుంటే చాలండీ అన్నారు. ఆ మాట నేను ఇంటికి తీసుకొచ్చి రెండు రోజులు చెప్పుకున్నాను.

గ్యాసు గురువారం వచ్చింది. పది గంటల టీ అయి లోపలికి వచ్చాం. ముందు ముక్కులో సూది గుచ్చినట్టు వాసన, ఆ వెంటనే కళ్లు తెరవలేకపోయాం. అమ్మోనియా, ఐసు మిషన్ల గ్యాసు అని ఎవరో అరిచారు. అందరం ముందు తలుపు వైపు పరిగెత్తాం. బూట్లు జారి పడ్డవాళ్లని పడ్డట్టే లాక్కుంటూ పరిగెత్తాం.

చివరి టేబులు దగ్గర ఒక అమ్మాయి ఉండేది. చేరి నెల కూడా కాలేదు, ఇంట్లో పాలు మాన్పించిన పిల్లాడు. పనిలో చేరిన రోజు అందరికీ చెప్పినట్టే ఆ అమ్మాయికీ నేనే చెప్పాను, ఏదైనా జరిగితే ఆ ఎర్ర అక్షరాల తలుపులోంచి వెళ్లాలని. దానికి తాళం వేస్తున్న మాట చెప్పలేదు. చెప్పినట్టు చేసే మనిషి. అందరూ ఇటు పరిగెత్తితే తను అటు పరిగెత్తింది.

నేను బయట ఎండలో నిలబడి తలలు లెక్కపెట్టాను. ఒకటి తక్కువైంది. ఎవరో తెలిసింది, ఎక్కడుందో తెలిసింది, ఎందుకు రాలేదో కూడా తెలిసింది. నా చెయ్యి రొంటి మీదికి పోయింది. కాళ్లు మాత్రం కదల్లేదు. సాయిబు గారు భుజం మీది తువ్వాలు నీళ్లలో ముంచి ముఖానికి చుట్టుకుని లోపలికి వెళ్లారు. ఆ వయసులో ఆయన ఆ అమ్మాయిని చంకల కింద చేతులేసి ఈడ్చుకుంటూ తెచ్చారు. తలుపు తాళం వేసి ఉందర్రా, తాళం వేసి ఉంది అని దగ్గుతూనే అన్నారు.

అంబులెన్సు చుట్టూ అందరూ మూగారు. అప్పుడు నా కాళ్లు కదిలాయి. నేను వాచ్‌మన్ గదిలోకి వెళ్లి చెవిని మేకుకి తగిలించాను.

తలుపుకి తాళం, తాళంచెవి సాయిబు గారి మేకుకి. ఇంకెవరిని అడగాలి? శుక్రవారం పోలీసులు ఆయన్ని తీసుకెళ్లి పొద్దంతా స్టేషన్లో కూర్చోబెట్టి పంపారు. సోమవారం ఫ్యాక్టరీల ఆఫీసరు గారి విచారణ అయ్యాక కేసు రాస్తామన్నారు. ఆ శుక్రవారమే మేనేజరు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. తాళాలు వాచ్‌మన్ బాధ్యత, పుస్తకంలో అలాగే ఉంది, మీరు టేబుళ్ల దగ్గర ఉన్నారు, మీకేమీ తెలీదు అన్నారు. నాకు తెలీదు అని నేను అనలేదు. తల ఊపాను. తల ఊపితే అబద్ధం కాదు కదా అని కూడా అనుకున్నాను. భయంలో మనిషికి ఎంత తెలివి వస్తుందో చూడండి.

ఆదివారం మా గుడిలో వాక్యానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. ఆ వారం దేవుడు ఎవరిని ఏ ఆపదలోంచి తప్పించాడో వాళ్లు లేచి చెప్పాలి. గ్యాసు సంగతి ఊరంతా తెలుసు. అందరూ నా వైపే చూశారు. లేవకపోతే అనుమానం వస్తుందని లేచాను. గ్యాసు వచ్చింది, కళ్లు కనబడలేదు, వెనక తలుపు మూసుకుపోయింది, ప్రభువు చెయ్యి పట్టుకుని నన్ను బయటికి నడిపించాడు అని చెప్పాను. స్తోత్రం స్తోత్రం అన్నారు. ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజు ప్రభువు బల్ల కూడా. రొట్టె తీసుకున్నాను, ద్రాక్షరసం తీసుకున్నాను. పాస్టరు అయ్యగారు నా దగ్గరికొచ్చి, బలమైన సాక్ష్యమండీ, వచ్చే వారం పక్క ఊరి కూడికలో కూడా చెప్పాలి అన్నారు. ఆయన వెనకే గూడెం పిల్ల నిలబడి ఉంది. ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

ఇంటికొచ్చి అన్నం పెట్టుకుని, తినకుండానే మూత పెట్టేశాను. నా భర్త పోయి అప్పటికి చాలా ఏళ్లు. కొడుకూ కోడలూ చెరువు మీదకి వెళ్లారు. ఒక్కదాన్నే అరుగు మీద కూర్చున్నాను. జరిగిందాండీ అన్న ఆ మాట చెవిలోంచి పోవడం లేదు.

నేను పుట్టిన దగ్గర్నుంచి ఆ కబురు వింటున్నాను. మా నాన్న పడవలో వలలు సర్దుకుంటూ అదే పాడేవాడు. పెళ్లి ఆ మాట మీదే, చావు ఆ మాట మీదే. కానీ చేప కొనేటప్పుడు మొప్పలెత్తి చూడకుండా బుట్టలో వెయ్యని మనిషిని, ఇంత పెద్ద మాటని యాభై ఎనిమిదేళ్లు మొప్పలెత్తి చూడకుండా మోశాను. నిజమని ఒప్పుకున్నాను గానీ, నిజమైతే ఏమవుతుందో ఒక్కనాడూ కూర్చుని ఆలోచించలేదు. నమ్మని పిల్ల ఒకతి వచ్చి మొప్ప ఎత్తి చూపించమంది.

సరే, చూద్దాం అనుకున్నాను. నిజం కాదనుకుందాం ముందు. అప్పుడు నేను చేసింది తెలివైన పనే. సాయిబు గారు పెద్దాయన, ఈ రోజో రేపో పని మానాల్సినవాడే. నేను నోరు మూసుకుంటే నా పని ఉంటుంది, నా పేరు ఉంటుంది. గూడెం పిల్ల చెప్పదు. మేనేజరు చెప్పడు. ఎవరూ లేని గదిలో ఒక మేకు, ఒక చెవి. అంతే.

ఇప్పుడు నిజమనుకుందాం. మొదట వచ్చింది భయమే. ఆయన బతికుంటే ఆ గదిలో నేను ఒక్కదాన్నే లేను. కానీ భయం నాకు కొత్త కాదు. దేవుడంటే నాకంటే పెద్ద మేస్త్రి అనే నేను అనుకునేదాన్ని. మేస్త్రికి భయపడుతూనే తప్పించుకు తిరగడం పనివాళ్లందరికీ తెలుసు. నేనూ అలాగే బతికాను, ఇంకొన్నాళ్లు బతికేదాన్నే.

నన్ను పట్టుకున్నది ఇంకొకటి. ఆ కబురు నిజమైతే నా తప్పు మోసినవాడు ఒకడున్నాడు. ఇష్టపడి మోశాడు, మోయడం అయిపోయింది కూడా. మరి అదే తప్పు మళ్లీ సాయిబు గారి నెత్తిన ఎందుకు పెట్టాను? ఆయన ఇష్టపడ్డాడా, అడిగానా? నా తప్పు మోయడానికి ఇంకొక మనిషి కావాల్సి వచ్చిందంటే, మొదటివాడు మోశాడని నేను నమ్మనట్టే కదా. నేను మైకులో చెప్పింది ఒకటి, మేకు దగ్గర చెప్పింది ఒకటి. మేకు దగ్గర చెప్పిందే నా అసలు సాక్ష్యం.

ఇది తోచాక అరుగు మీద కూర్చోలేకపోయాను. మధ్యాహ్నం బస్సెక్కి ఏలూరు వెళ్లాను. ఓదార్చడానికి వెళ్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. ఉన్నమాట చెప్పాలంటే, నా మీద ఆయనకి అనుమానం ఉందో లేదో చూసుకోవడానికి కూడా వెళ్లాను. అంత ఆలోచన చేశాక కూడా మనిషి ఒక్కసారిగా బాగుపడిపోదు.

ఆయన ఇల్లు ఒక సందులో, రెండు గదులు. ఆయన మంచం మీద దగ్గుతూ కూర్చుని ఉన్నారు. ఆయన భార్య టీ తెచ్చి ఇచ్చి, నా పక్కన పీట వేసుకుంది. తాళం ఎవరు వేశారో తెలిసిందా అని నేనే అడిగాను.

ఆయన దగ్గు ఆపుకుని నా వైపు తిరిగారు.

“నేనే వేశానేమో చెల్లెమ్మా,” అన్నారు. “మొదట్లో వెయ్యలేదనే అన్నాను. చెవి నా మేకుకే ఉంది కదా అన్నారు వాళ్లు. అదీ నిజమే. మూడు రోజుల్నుంచి ఆలోచిస్తున్నాను. వయసైపోయింది. వేసి మర్చిపోయానేమో. రేపు ఆఫీసరు గారితో అదే చెప్పేస్తాను. ఆ పిల్లకి ఏమన్నా అయితే నేనే చేసినట్టు.”

వెయ్యలేదు మీరు అని ఆయన భార్య కసిరింది. గ్యాసు స్టవ్ ఆపారో లేదో అడిగితే ముందు రోజుది కూడా చెబుతారండీ ఈయన, ఈయన మర్చిపోవడమేంటి అని నాతో అంది. ఆయన నవ్వలేదు. అంత పద్ధతైన మనిషి తన గుర్తుని తానే నమ్మలేక కూర్చున్నారు.

నేను టీ తాగేశాను. అక్కడ చెప్పలేకపోయాను. చెబుదామనే నోరు తెరిచాను, జాగ్రత్తండీ అన్న మాట వచ్చింది. బస్సులో తిరిగొస్తుంటే, ఆయన పని పోగొట్టానని కాదు, ఆయన మనసుని ఆయనకి కాకుండా చేశానని తెలిసింది. తాళం అయిదు నిమిషాల పని. ఇది మాత్రం ఆయన ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

సోమవారం విచారణ మేనేజరు గారి గదిలోనే. ఆఫీసరు గారు బల్ల అవతల కూర్చున్నారు, పక్కన ఒకాయన రాసుకుంటున్నాడు, మేనేజరు గారు కిటికీ దగ్గర నిలబడ్డారు. సాయిబు గారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు, మా అందరి తర్వాత ఆయన్ని పిలుస్తారు. ఆయన లోపలికి వచ్చాడంటే నేనే వేశాను అని చెప్పేస్తాడు. చెప్పాక ఇంక ఎవరు ఏం చెప్పినా ముసలామె జాలిపడి చెబుతోందంటారు. నాకున్నది ఆ లోపు సమయమే.

ముందు పిలిచిన నలుగురూ తలుపు మూసుకుపోయిందని చెప్పి వచ్చారు. అది నా మాటే. నా నోట్లోంచి గుడిలోకి, గుడిలోంచి వ్యాన్లోకి వచ్చింది. గూడెం పిల్ల కూడా అదే చెప్పి వచ్చింది. నా పక్కనుంచి వెళ్తూ నా ముఖం చూడలేదు.

“మీ సాక్ష్యం చెప్పండమ్మా,” అన్నారు ఆఫీసరు గారు.

ఆ మాట వేరే ఏదైనా వాడి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. నిన్న ఇదే మాటకి లేచి నిలబడ్డాను. ఈ రోజు నిలబడే ఉన్నాను.

“తలుపుకి తాళం నేను వేశానండీ,” అన్నాను. “నెల రోజుల్నుంచి రోజూ నేనే వేస్తున్నాను. వాచ్‌మన్ గారికి తెలీదు. గ్యాసు వచ్చాక చెవి తీసుకెళ్లి ఆయన మేకుకి తగిలించింది కూడా నేనే.”

మేనేజరు గారు కిటికీ దగ్గర్నుంచి కదిలారు. “పెద్దావిడండీ, ఆ రోజునుంచీ మనిషి సరిగ్గా లేదు. సాయిబు మీద జాలి,” అన్నారు.

“నా మనసు సరిగ్గానే ఉందండీ. మూడో రోజు మీరొచ్చి తాళం కదిపి నవ్వారు. నాలాంటివాళ్లు నలుగురు చాలన్నారు.”

నేను ఆయన్ని ఇరికించడానికి అనలేదు. అంతా చెప్పాలనుకున్నాను, అది కూడా అంతాలో ఉంది. ఆయన ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్లు అన్నం పెట్టిన చోటు గుర్తుంచుకోండి అన్నారు. గుర్తుందండీ, అందుకే ఇంత ఆలస్యమైంది అన్నాను.

రాసే ఆయన చదివి వినిపించి కాగితం నా ముందు పెట్టాడు. సంతకం పెట్టబోయి ఆగి, నేనే మళ్లీ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుకున్నాను. ఇబ్బందిగా దగ్గాడాయన. ఆ కాగితంలో ‘వెనుక ద్వారమునకు తాళము వేయబడి యుండెను’ అని ఉంది. నాలుగో తరగతి చదువుకి అది కొరుకుడు పడలేదు. ఎవరు వేశారని ఉందండీ ఇందులో అని అడిగాను. అలాగే రాస్తారమ్మా అన్నాడు.

“అలా వద్దండీ. అలా అయితే దానంతటది పడినట్టుంది. ‘నేను వేశాను’ అని రాయండి.”

ఆయన ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు గారు కళ్లజోడు తీసి, అది కొట్టేసి ఆవిడ చెప్పినట్టే రాయి అన్నారు. రాశాక సంతకం పెట్టాను. నా సంతకంలో ఎప్పుడూ ఒక ఒత్తు పోతుంది. ఆ రోజు పోలేదు.

బయటికి వచ్చేసరికి సాయిబు గారు బెంచీ మీద లేచి నిలబడి ఉన్నారు. గోడ పల్చన, లోపలి మాటలు వినబడ్డాయి. నేను చేతులు జోడించాను. ఆయన నన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. “అయితే నేను మర్చిపోలేదన్నమాట,” అన్నారు. కూర్చుని తువ్వాలుతో ముఖం కప్పుకున్నారు. తిడితే బాగుండేది.

ఆ తర్వాత నా బతుకు ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. పని ఆ సాయంత్రమే పోయింది, గేటు పాసు తీసుకున్నారు. కేసు నా మీదా మేనేజరు మీదా నడిచింది, ఇంకా నడుస్తోంది. వాయిదాలకి ఏలూరు వెళ్తూనే ఉన్నాను. సాయిబు గారిని మళ్లీ పనిలోకి రమ్మన్నారు గానీ ఆయన వెళ్లలేదు. ఊళ్లో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. గుడిలో అందరి ముందూ లేచి, పోయిన వారం చెప్పింది సగమే అని మిగతా సగం చెప్పినప్పుడు ఎవరూ స్తోత్రం అనలేదు. పక్క ఊరి కూడికకి నన్ను పిలవలేదు. మోకాళ్లు అరిగేదాకా కొన్నేళ్లు గూడెం మార్కెట్లో ఉల్లిపాయలు ఏరాను.

నేను మెత్తబడ్డానా అంటే, నా కోడల్ని అడగండి, చెబుతుంది. అగ్గిపుల్ల ఇప్పటికీ రెండుసార్లే వాడతాను. మారింది ఒకటి ఉంది. అంతకుముందు నా తప్పు ఎవరైనా ఎత్తితే మీదపడి కరిచేదాన్ని. ఇప్పుడు ముందు అది నాదేనా అని చూసుకుంటాను, నాదైతే నాదే అంటాను. మోసినవాడు మోశాడు, దాచుకోవాల్సిన పని లేదు అన్నది తలలోకి వెళ్లాక నోరు కొంచెం తేలికైంది. అలాగని సులువని చెప్పను. ఆ కబురు నిజమైతే హాయిగా ఉంటుందని మీకెవరైనా చెబితే, ముందు నా సోమవారం సంగతి చెప్పండి. నిజం కాదనుకుంటే మాత్రం ఆ సోమవారం నాకు ఉండేదే కాదు, అంతకుముందు గురువారంలోనే చచ్చేదాకా ఉండిపోయేదాన్ని. గూడెం పిల్ల మళ్లీ గుడికి వచ్చింది. నా వల్ల వచ్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అడిగింది అది. చెప్పడానికి నాకు ఒక రోజు పట్టింది.

సోమవారం ఇంటికొచ్చాక నాకు ఒక్కటే మిగిలింది. ఆఫీసరుతో చెప్పడం, సాయిబు గారు వినడం అయ్యాయి. ఎవరి ఊపిరితిత్తులు కాలాయో ఆ అమ్మాయితో చెప్పలేదు. ఆ అమ్మాయికి చెప్పకపోతే మిగతావన్నీ చెప్పినట్టు కాదు.

మర్నాడు పొద్దున్న వ్యాను మామూలు వేళకే వచ్చింది, మా ఇంటి ముందు ఆగలేదు. నేను ఆరున్నర బస్సెక్కి ఏలూరు ఆసుపత్రికి వెళ్లాను. ఆ అమ్మాయి ముక్కుకి గొట్టంతో, దిండ్ల మీద ఆనుకుని కూర్చుని ఉంది. వాళ్లత్తగారు పిల్లాణ్ణి ఎత్తుకుని వరండాలో తిప్పుతోంది. మంచం పక్కన నిలబడి, ఆ తలుపుకి తాళం నేనే వేశానమ్మా అని చెప్పాను. నువ్వు నేను చెప్పినట్టే చేశావు, తప్పు నీది కాదు అన్నాను. అమ్మాయి గోడ వైపు తిరిగింది. నేను వెళ్లలేదు, స్టూలు మీద కూర్చున్నాను. నర్సు వచ్చి బీపీ చూసి వెళ్లింది. ఆ తర్వాత, నా వైపు తిరగకుండానే, చెయ్యి వెనక్కి చాపి మంచినీళ్లు అంది. గ్లాసు అందించాను. తాగేదాకా అడుగున పట్టుకున్నాను. తాగింది. గ్లాసు నా చేతికే ఇచ్చింది.